మా బాపు అర్థం అడిగిన మాటలు

నా గుర్తింపు కార్డు వచ్చిన రోజు బాపు మగ్గం ఆపి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నలభై ఏళ్లుగా కాశిబుగ్గలో జంపఖానాలు నేస్తున్న మనిషి. అదే ఇంటి ముందుగదిలో నేను బ్లౌజులు కుడతాను. కొడుకుగా పుట్టి, ఇరవై మూడో ఏట చీర కట్టాను. ఆ తర్వాత బాపు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఏడో నెలలో కుట్టు మిషన్‌కు నూనె తెచ్చి పెట్టాడు. నేను దాన్ని మాట్లాడటం కిందే తీసుకున్నాను.

“ట్రాన్స్‌జెండర్ అని రాసిండ్రు. అంటే ఏంది?”

ఫోన్‌లో చదివింది చెప్పాను. జెండర్ అంటే ఆడా, మగా అన్నది. ట్రాన్స్ అంటే లాటిన్ భాషలో అవతల.

“అవతలంటే యాడ?”

అది ఫోన్‌లో లేదన్నాను.

“మరి బజార్ల హిజ్రా అంటరు గదా, అదేం మాట?”

“ఉర్దూల కెల్లి వచ్చింది బాపు. అరబ్బీల ఇడిసిపోవుడు అనే మాట నుంచి పుట్టిందంటరు. తనోళ్లను ఇడిసి పోయినోళ్లని.”

బాపు కార్డు నా చేతిలో పెట్టాడు.

“నువ్వు యాడికి పోయినవ్? ఈడనే ఉంటానవ్, రెండు పూటలు ఈడనే తింటానవ్. ఆ మాట నీకు పడది.”

నా తోటివాళ్లలో చాలామంది నిజంగానే ఇల్లు విడిచినవాళ్లు, లేదా ఇంట్లోవాళ్లు వెళ్లగొట్టినవాళ్లు. వర్ధన్నపేట నుంచి వచ్చిన ఒక అక్క ఇరవై ఏళ్లుగా తల్లి ముఖం చూడలేదు. అయినా ఆ మాటను ఆమె తల ఎత్తుకునే చెప్పుకుంటుంది. ఆ సంగతి బాపుకు చెప్పాను.

“ఆదివారం బువ్వకు రమ్మను” అన్నాడు.

ఆమె వచ్చింది. బాపు ఆమెను అర్థాలేమీ అడగలేదు. పప్పు ఇంకోసారి వడ్డించాడు.

తర్వాతి వారం రేషన్ కార్డులో నా వివరాలు మార్పించడానికి నెట్ సెంటర్‌కు తనే వెంట వచ్చాడు. కంప్యూటర్ ముందున్నామె నన్ను చూసి, బాపును చూసి, “నీకేమైతది పెద్దాయన? కొడుకా, బిడ్డా?” అంది. మా వైపు బిడ్డంటే కూతురు. గదిలో ఇంకా ఐదుగురున్నారు. నేను నా చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాను.

“బిడ్డ. జర జల్ది కొట్టమ్మా, మగ్గం మీద పనున్నది” అన్నాడు బాపు.

ఆమె కొట్టింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. సోమవారం మళ్లీ పోవాలి.