పెద్దమ్మ మంచం కింది సీసాలు

మూడు రోజుల ముసురు సోమవారం కాస్త తెరిపి ఇస్తే దిగువ మడిలో నాట్లు వేయిస్తున్నాను. గట్టు మీద పెట్టిన ఫోను మోగింది. కలకత్తా నుంచి అయ్యగారు, అక్కడి మా తెలుగు సంఘపు పాస్టరు. పెద్దమ్మ పోయిందన్నారు. వానకి లైను కలవలేదట, సమాధి కూడా అయిపోయింది. విని, మళ్లీ మడిలోకి దిగాను. నారు తీసేశాక నాట్లు ఆపడానికి లేదు.

కలకత్తా గార్డెన్ రీచ్ రేవులో పని చేసిన రోజుల్లో నేను ఏక్‌బాల్‌పూర్‌లో పెద్దమ్మ గదిలోనే ఉండేవాణ్ణి. పల్లపు గది. నేను వచ్చేసరికి నీళ్లు కాచి ఉంచేది. ఏ గొడవ చెప్పబోయినా, "ముందు కూడు తిను. తరవాత ఏడుద్దువు గాని," అనేది.

ఆమె మంచం కింద ఒక ఇసుక పెట్టె ఉండేది. అందులో పడుకోబెట్టిన మూడు వైను సీసాలు. పెదనాన్న సరుకు ఓడలో వంటవాడు. ఫ్రాన్సు రేవుల నుంచి తెచ్చాడు. నిలబెడితే బిరడా ఎండిపోతుందని ఆయనే చెప్పాడట. పెద్దమ్మ ఎన్నడూ చుక్క రుచి చూడలేదు. కానీ మూడింటి సంగతీ ఆయన మాటల్లోనే అప్పజెప్పేది.

భుజాలున్న సీసా ఫ్రాన్సులో బోర్డో సీమది. కాబెర్నే, మెర్లో అని రెండు నల్లద్రాక్షల రసం కలుపుతారు. కొత్తలో నాలుక పట్టేసే వగరు; ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. పొడుగాటి సన్న సీసా అల్జాస్‌ది. జర్మనీ సరిహద్దు చలిలో పండే రీస్లింగ్, తెల్లది, పుల్లన. భుజాలు జారిన సీసా బోజొలేది. గమే అనే ఒక్క ద్రాక్షతో చేస్తారు. పలచన, తాజా పళ్ల వాసన. అది ఆగదు, తొందరగా తాగేయాలి.

"క్రిస్మస్‌కొచ్చీసి నానే ఇప్పుతాను," అని ఓడెక్కాడు పెదనాన్న. ఫ్రాన్సులో మార్సెయ్ రేవులో దిగినవాడు తిరిగి ఓడ ఎక్కలేదు. ఓడవాళ్లు చెప్పింది అంతే. శవం లేదు, కబురు లేదు. పెద్దమ్మ తెల్లచీర కట్టలేదు.

సంఘంలో ప్రభువు బల్లకు, ఆరాధనలో అందరికీ పంచే గుక్కకు, ద్రాక్షారసం చేసేది ఆమే. మాది మత్తు ముట్టని సంఘం. ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పిండి వడగట్టేది. అలాంటి మనిషి మంచం కింద వైను సీసాలంటే ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏటి వదినా, మంచం కింద దుకాణం ఎట్టినావంట?"

"ఎట్టినానే. కొనీవోడే ఓడెక్కీసి పోనాడు," అనేది నవ్వకుండా.

ఒక ఏడు వానలకు గదిలో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. నానబెట్టిన ద్రాక్ష మురుగుపాలైంది. ఆ రోజే బంద్, దుకాణాలు తెరవలేదు. తెల్లవారితే బల్ల ఆదివారం. అయ్యగారు నీళ్లలో నడిచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, ఎర్రది ఒకటి ఇవ్వగలరా? మత్తు పోయేలా కాచి ఇవ్వండి. సంఘానికి నేను చెప్పుకుంటాను."

పెద్దమ్మ పెట్టె బయటికి లాగింది. నీటికి చీటీలు ఊడిపోయాయి. భుజాలు తడిమి పోల్చుకుంది. తెల్లదాన్ని పక్కన పెట్టింది. మిగిలిన రెండింటి మీదా చేతులు వేసింది. విప్పితే, ఆయన ఇక రాడని తన చేత్తో తనే ఒప్పుకున్నట్టు.

"బోర్డో ఇయ్యి పెద్దమ్మా. రెండోది పాడైపోయుంటుంది," అన్నాను.

"మీ పెదనాన్నొస్తే ఏటెట్టమంటావు?" అని బోజొలే తీసింది.

బిరడా పొడైంది. కాచింది. ఆదివారం అందరూ తలో గుక్క తీసుకున్నారు. పులిసిపోయి అచ్చం సిరకా. ఎవరూ మొహం చిట్లించలేదు. పెద్దమ్మ గ్లాసు దించి నాతో మెల్లగా అంది: "ఆగదని సెప్పినాడురా. నానే ఆపీసినాను."

ఖాళీ సీసాకు గుడ్డ కుక్కి మంచం కిందే పెట్టుకుంది. మరుసటి వానల్లో గదిలోకి మళ్లీ నీళ్లొచ్చాయి. పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడు. పెద్దమ్మ లేచి నీళ్లలో నడిచి తలుపు తీసింది. ఎవరూ లేరు. నిండు సీసాలు అడుగునే ఉన్నాయి. ఖాళీది తేలి మంచం కోడును కొడుతోంది. చూపించాను. చూసింది. మర్నాడు మళ్లీ అదే చప్పుడు. మళ్లీ లేచింది.

"సీసాయే పెద్దమ్మా."

"తెలుసురా. ఒక్కసారి కాకపోతేనో?"

నేను పని మానేసి ఊరొచ్చి చాలాకాలమైంది. వానాకాలం ఏ గిన్నె తేలి గోడకు తగిలినా ఇప్పటికీ గుమ్మం వైపు చూస్తాను. ఆ అలవాటు ఆమెదే.

ఫోనులో అయ్యగారు చెప్పింది కొంచెమే. శుక్రవారం నుంచి అక్కడా వాన. గదిలో నీళ్లు. బోర్డో, అల్జాస్ ఇసుకలోనే ఉన్నాయి. లోపలి గడియ తీసి తలుపు తెరిచి ఉంది. ఖాళీ సీసా వీధి పంపు దాకా కొట్టుకుపోయింది. అది ఎప్పుడు గడప దాటిందో ఎవరూ చూడలేదు.

పెద్దమ్మ శనివారం పొద్దున్న పోయింది.