పులికి గొంతు పోయిన ఆదివారాలు

మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. పిల్లలు కాల్చేసిన బోర్డులు బాగుచేయడం నా ఉద్యోగం, బొమ్మలు విప్పడం నా పిచ్చి. చేవెళ్ల అంగడిలో కొన్న రిమోట్ కారు మా ఇంట్లో వారం రోజులు కారుగా బతికిన పాపాన పోలేదు. దాని మోటారు ఫ్యానుకు పోతుంది, చక్రాలు ఇంకో బొమ్మకు పోతాయి. "ఒక్క బొమ్మనన్న బొమ్మ లెక్క ఉండనియ్యవే" అని అమ్మ తిట్టేది. అమ్మ పోయి రెండేళ్లయింది. ముడిమ్యాల దగ్గరి ఆ ఇంట్లో ఇప్పుడు నన్ను తిట్టే దిక్కు లేదు. వారమంతా కాలేజీ దగ్గరే గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సు దిగి తాళం తీశానంటే, సోమవారం పొద్దున కండక్టర్ టికెట్ అడిగేదాకా నోరు తెరిచే పనే ఉండదు.

మా ఇంటి వెనక మక్కచేను. దానికి కాపలా పక్కింటి ముసలవ్వ. మొలకలను కూడా కోతులు పీకేస్తున్నాయని ఆమె కొడుకు ఒక మెత్తటి పులిబొమ్మ తెచ్చి మంచె మీద కూర్చోబెట్టాడు. మూడు రోజులు కోతులు భయపడ్డాయి. నాలుగో రోజు ఒక కోతి పులి తలలో పేలు చూస్తూ కూర్చుందట. అవ్వ గోడ మీద నుంచి ఆ సంగతి చెబితే, బొమ్మను ఇటివ్వమన్నాను.

పొట్ట కోసి దూది తీశాను. మెడలో రిమోట్ కారు మోటారు పెట్టాను, తల అటూ ఇటూ తిరిగేలా. కడుపులో పాటలు పాడే బొమ్మ నుంచి తీసిన స్పీకర్, ముందు ఏదైనా కదిలితే కనిపెట్టే సెన్సర్ అమర్చాను. ఫోన్‌లో దొరికిన గాండ్రింపులు ఆ చిన్న స్పీకర్లో పిల్లి కూతల్లా వచ్చాయి. చివరికి స్టీలు బిందె మూతికి నోరు ఆనించి నేనే గాండ్రించి రికార్డు చేశాను. నలభై ఎనిమిదేళ్ల ఆడమనిషి చేసిన ఆ పనిని ఎవరూ చూడలేదు. ఒంటరిగా ఉండటంలో అదొక లాభం.

కోతులు పరార్. కానీ వారం తిరిగేసరికి ఒక తీగ ఊడింది. ఆదివారం పొద్దున అవ్వ పులిని చంటిపిల్లలా చంకనేసుకుని వచ్చింది. "బిడ్డా, పులికి గొంతు వోయింది" అంది. రెండు నిమిషాల పని. అవ్వ మాత్రం రెండు గంటలు కూర్చుంది. ఛాయ్ తాగింది, మోకాళ్ల నొప్పుల గురించి, సురంగల్‌లోని పుట్టింటి గురించి చెప్పింది. ఆమె వెళ్లాక ఆ ఇంట్లో ఉండటం నా వల్ల కాలేదు.

తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. స్పీకర్ తీగకు టంకం పెట్టేటప్పుడు వేడి చాలకుండానే వదిలేశాను, కావాలనే. అలాంటి అతుకు పైకి బాగానే కనిపిస్తుంది. పులి తల తిప్పేకొద్దీ కదిలి కదిలి, వారంలోపు ఊడిపోతుంది. ల్యాబ్‌లో పిల్లలెవరైనా అలా చేస్తే చెడామడా తిడతాను. అవ్వ ప్రతి ఆదివారం వచ్చేది. నేను శనివారమే పాలు ఎక్కువ తెచ్చి పెట్టుకునేదాన్ని.

కంకులు పాలు పోసుకునే రోజుల్లో ఆ అతుకు ఒకసారి బుధవారమే ఊడింది. నేను మొయినాబాద్‌లో ఉన్నాను. మూగ పులిని లెక్కచేయకుండా కోతుల మంద చేనులో పడింది. అవ్వ కట్టె పట్టుకుని ఉరికి, గట్టు మీద జారిపడింది. ఆదివారం ఆమె ఒక చేతికి దవాఖానలో వేసిన పిండికట్టుతో, ఇంకో చేత్తో పులిని పట్టుకుని వచ్చింది. ఆమె చేతిలోంచి పులిని గబగబా అందుకున్నాను.

"నీదేం తప్పు బిడ్డా, బొమ్మనే గద" అంది. తిట్టినా బాగుండేది.

ఆ రోజు అతుకు గట్టిగా వేశాను. పైన జిగురు కూడా పోశాను. నిజం మాత్రం చెప్పలేదు. తర్వాత మూడు ఆదివారాలు పులికి ఏ రోగమూ రాలేదు, అవ్వా రాలేదు. వెనక చేనులోంచి నా గొంతే గాండ్రిస్తుంటే, వంటింట్లో ఒక్కదానికే ఛాయ్ పెట్టుకున్నాను. మిగిలిన పాలు విరిగిపోయాయి.

నాలుగో ఆదివారం నేనే చేనులోకి వెళ్లాను. చేతిలో స్క్రూడ్రైవర్ కూడా లేదు. మంచె కింద గోనెసంచి మీద కూర్చున్న అవ్వ, పులికి ఏమైందని అడిగింది.

"ఏం గాలే అవ్వా. ఊకెనే వచ్చిన."

ఆమె జరిగి చోటిచ్చింది. కూర్చుని అంతా చెప్పేశాను. వేడి చాలని అతుకు, ఎదురుచూసిన ఆదివారాలు, ఆమె చెయ్యి. అవ్వ పిండికట్టును నిమురుకుంది.

"గంత పని జేసుడెందుకు బిడ్డా? గోడ మీదికెల్లి ఒక్క పిలుపు పిలిస్తె రాకుంటనా?"

చేనంతా వినబడేలా గాండ్రించినదాన్ని, గోడ దగ్గర నిలబడి 'అవ్వా' అని ఒక్కసారి పిలవలేకపోయాను.