రెండు చారల ఈగ, మూడు చారల ఈగ

ఉదయం ఏడున్నరకు చోడవరంలో అనకాపల్లి బస్సెక్కాను. సంచిలో రెండు సీసాలు, రెండింటిలోనూ చచ్చిన పండు ఈగలు. ఒకదానికి మా అక్క ఎర్రదారం కట్టింది.

గోవాడ దగ్గర అక్కకు కాకర పందిరి ఉంది. ఈగ కుట్టి కాయలు పుచ్చిపోతుంటే, మామిడితోటల్లో ఈగలకు కట్టే ఎర డబ్బాలు నేనే తెచ్చి పందిరికి వేలాడదీశాను. ఈగ ఏదైనా ఈగే కదా అనుకున్నాను. డబ్బాలు ఈగలతో నిండాయి, కాయలు పుచ్చుతూనే ఉన్నాయి. అనకాపల్లిలో పురుగుల సంగతి చూసే మేడం ఫోనులో చెప్పినట్టు, పుచ్చిన కాయల్ని ఇసక డబ్బాలో పెట్టి, గుడ్డ కట్టి, వాటిలోంచి పుట్టిన ఈగల్ని పట్టాం. అవే ఎర్రదారం సీసాలోవి. రెండో సీసాలోవి ఎరకు పడ్డవి.

"సాయంత్రం దాకా సూస్తాన్రా. ఆపైన తీగలన్నీ కోసీడమే. నీ కబుర్లు మాత్రం తేకు," అంది అక్క.

రైవాడ డ్యాములో మొసలి నా లుంగీ మడతపెట్టి తిరిగిచ్చిందని చెప్పినవాణ్ణి. ఆమె అనడంలో తప్పులేదు.

సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. సీసాలు తీయడం, పెట్టడం. అవేమిటని పక్కనున్న దేవరాపల్లి చెరకు రైతు అడిగాడు. మోకాళ్ల నొప్పి పీల్చేసే అరకు ఈగలని చెప్పాను. నాకో రెండియ్యవా బాబూ అని పంచె పైకి జరిపాడు.

ఎనిమిదిన్నరకు దిగి, నిలబడే ఇడ్లీ తిన్నాను. మేడం ఆఫీసు పదింటికి గాని తెరవరు. అందాకా గేటు ముందు తిరిగిన దూరానికి చోడవరం నడిచి వెళ్లిపోవచ్చు.

మేడం రెండు రకాల ఈగల్నీ భూతద్దం కింద పెట్టింది. నాకు ఒక తల్లి పిల్లల్లాగే కనిపించాయి.

"వీపు మీద పసుపు చారలు లెక్కపెట్టండి," అంది.

ఎరకు పడ్డదానికి రెండు, రెక్కలు తేటగా ఉన్నాయి. కాకరలో పుట్టినదానికి మూడు, రెక్కల మీద గోధుమరంగు మచ్చలు. దగ్గర చుట్టాలే గాని, ఒకదాన్ని పిలిచే వాసనకు రెండోది రాదట. ఇన్నాళ్లూ మేం పక్కవాళ్ల మామిడితోట ఈగల్ని శ్రద్ధగా పట్టి పెడుతున్నామన్నమాట. కాకర ఈగకు పనికొచ్చే ఎరలు, ఒక పాత భూతద్దం ఇచ్చి, పుచ్చిన కాయలు పందిరి కింద వదలొద్దని చెప్పి పంపింది.

మధ్యాహ్నం రెండింటి బస్సులో మళ్లీ ఆ రైతే తగిలాడు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు.

"పొద్దున్న సెప్పిందే నిజంలాగుంది బాబూ."

ముక్కూ మొహం తెలియనివాడే నమ్మకపోతే అక్క ఎలా నమ్ముతుంది? దారి పొడవునా సంగతిని మనసులో చెప్పుకుంటూ, ఎక్కడ ఉప్పూకారం పడుతోందో అక్కడ తీసేస్తూ వచ్చాను. ఈ పనిమీద వెళ్లేవారు సీసాలు రెండు తీసుకెళ్లండి. బస్సులో నోరు మాత్రం తెరవకండి.

గోవాడ చేరేసరికి నాలుగయింది. అక్క అప్పటికే కత్తి పట్టుకుని పందిట్లో ఉంది. రెండు తీగలు తెగి వాడిపోయి ఉన్నాయి.

తెల్లకాగితం మీద రెండు ఈగల్నీ పక్కపక్కన పెట్టి, భూతద్దం ఆమె చేతికిచ్చాను. వంగి చాలాసేపు చూసింది.

"దీనికి రెండు," అంది. అద్దం జరిపింది. మళ్లీ మొదటిదాని మీదికి తెచ్చి, తిరిగి రెండోదాని మీద ఆపింది. "దీనికి మూడు."

నా మొహంకేసి చూడలేదు. ఎర ఎంత ఎత్తులో కట్టాలని అడిగి, ఆ కత్తితోనే పురికొస కోసింది.