టాపు దిగని ఎర్ర కారు

హార్మ్ వేనింగ్ సెలవులకు బయల్దేరుతున్నాడంటే అస్సెన్ ఊళ్లో ఆ వీధివాళ్లంతా కాఫీ కప్పులు పట్టుకుని కిటికీల దగ్గర చేరేవాళ్లు. పాల ట్యాంకరు నడిపి రిటైరైన మనిషి. ఏటా జులైలో కారు వెనక కారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, తగిలించుకుని ఫ్రాన్స్ పోయేవాడు. అందులో ఏముండేవని అడక్కండి, ఏం లేవో అడగండి. బంగాళాదుంపల బస్తా, చీజు, కాఫీ పొడి, రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ పలుకులు, ఆఖరికి టాయిలెట్ కాగితం కూడా ఇంటి నుంచే! మరి ఫ్రాన్స్‌లో జనం ఏం తిని బతుకుతున్నారన్న ఆలోచన ఆయనకు ఒక్కనాడూ రాలేదు.

చివరికి కారవాన్ నేల పుచ్చిపోయి ఆ ముచ్చట తీరింది.

"ఇంకోటి కొన్నావో, అందులో నువ్వొక్కడివే పడుకుంటావ్," అంది భార్య రెన్‌స్కె.

ఊళ్లో ఆడవాళ్ల జుట్టు చుట్టి, స్ప్రే కొట్టి సగం జీవితం గడిపిందావిడ. ఆవిడకు ఒకటే కోరిక. టాపు తీసేసిన కారులో ఆల్ప్స్ దాటి ఇటలీ పోవాలి, తన జుట్టు గాలికి సర్వనాశనం కావాలి. ఆవిడ మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా హార్మ్ రెండు సీట్ల పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. కొన్నాక డిక్కీ తెరిచి చూసుకుని డీలా పడిపోయాడు. దాంట్లో బస్తా కాదు కదా, బస్తాకు కట్టిన తాడు పట్టడం కూడా కష్టమే.

అయినా హార్మ్ ఊరుకునే రకమా! బయట వాన దంచుతుంటే షెడ్డులో టేపు పట్టుకుని డిక్కీలోకి నడుందాకా దూరి కొలతలు తీశాడు. పెట్టెల దుకాణానికి వెళ్లి అక్కడి అమ్మాయి ప్రాణం తోడేశాడు.

"ఏ విమానంలో వెళ్తున్నారండీ?" అని అడిగిందా పిల్ల.

"విమానం కాదమ్మా, నా కారు. విమానంవాళ్లన్నా కాస్త చూసీచూడనట్టు పోనిస్తారు."

విమానంలో తల పైన పెట్టుకునే సైజు పెట్టె, చక్రాలున్నది, గట్టిది తెచ్చాడు. డిక్కీలో అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఇక ఆ వారమంతా హార్మ్ కాళ్లు నేల మీద ఆనలేదు.

"లోపల ఏం సర్దావ్?" అంది రెన్‌స్కె.

"అవసరమైనవి."

అప్పుడే నిలదీయాల్సింది. పాపం, ఆవిడ చలువ కళ్లద్దాల సంబరంలో ఉంది.

బయల్దేరే పొద్దున ఎండ విరగకాసింది. పక్కింటి ఏల్‌కో కంచె మీద మోచేతులు ఆనించి సిద్ధంగా ఉన్నాడు. రెన్‌స్కె కళ్లద్దాలు పెట్టుకుని, "తియ్ టాపు!" అంది. హార్మ్ మీట నొక్కాడు. టాపు సగం లేచింది, కీచుమంది, అక్కడే ఆగిపోయింది.

"ఏమయ్యా హార్మ్, నీ కారు ఆవలిస్తోందేం?" అన్నాడు ఏల్‌కో.

ఆ టాపు మడతపడి కూర్చునేది డిక్కీలోనే. వానలో, టాపు వేసి ఉండగా కొలిచిన పెద్దమనిషికి ఆ సంగతి తట్టనే లేదు. ఆ ఊళ్లో టాపు తీసేంత ఎండ కాస్తే కదా తట్టడానికి!

రెన్‌స్కె పెట్టె బయటికి లాగింది. మోయలేక దభీమని కింద పడేసి తెరిచింది. రెండు చొక్కాలు. వాటి కింద గిన్నె, కాఫీ పొడి, చీజు, చాక్లెట్ పలుకులు, బంగాళాదుంపలు.

"ఇటలీలో బంగాళాదుంపలు దొరకవా?" ఒంటికాలి మీద లేచిందావిడ.

"దొరుకుతాయిలే. మనవి కావు కదా."

"విను హార్మ్. టాపు దిగితేనే నేనొస్తా. లేదా నువ్వూ నీ దుంపలూ వెళ్లి రండి." సంచీలోంచి ఇంటి తాళంచెవి తీసింది. తమాషాకి అనడం లేదని హార్మ్‌కు అర్థమైంది.

"పోనీ, గిన్నె ఒక్కటీ..."

"ఎందుకు? హోటల్లో గిన్నెతో నీకేం పని?"

హార్మ్ ఏల్‌కో వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మరి సాయంత్రాలు ఏం చేస్తాం రెన్‌స్కె? దుంపలు చెక్కేది లేదు, గిన్నెలు తోమేది లేదు, కారవాన్ పక్కన గుడారం మేకులు కొట్టేది లేదు. ఊరికే ఎదురెదురుగా కూర్చుంటామా? నాకు మాటలు రావు, నీకు తెలుసు. రెండో రోజుకే నీకు విసుగొస్తుంది."

భయం అదన్నమాట! రెన్‌స్కె కళ్లద్దాలు తీసింది. కోపమంతా ఎటో పోయింది.

"ముప్పై ఏళ్లు సెలవులకెళ్లాం. మేకులు కొడుతుంటే నీ వీపు చూశా. గిన్నెలు తోముతుంటే నీ వీపే చూశా. నేను చూసిందల్లా నీ వీపే కదా హార్మ్."

హార్మ్ చొక్కాలు రెండూ తీసి సీటు వెనక కుక్కాడు. పెట్టె మూసి, కంచె మీదుగా ఏల్‌కో చేతిలో పెట్టాడు. వచ్చి మీట నొక్కితే టాపు చప్పుడు లేకుండా డిక్కీలోకి దిగిపోయింది.

"నా ముందువైపు కూడా అంత చూడదగ్గట్టు ఉండదు," అన్నాడు స్టీరింగ్ పట్టుకుని.

"తెలుసులే. కారు పోనీయ్," అంది రెన్‌స్కె.