అక్క ప్రార్థనలో సిపాయి

ముప్పై ఏళ్ళు దాటింది, ఒక ఇరాకీ సిపాయిని మోస్తున్నాను. తాటిచెట్టంత మనిషి. మీసం మొదట్లో మామూలుగానే ఉండేది, చెప్పిన ప్రతిసారీ పెరిగి ఇప్పుడు చెవులు దాటింది. నవ్వించడమే నా బతుకుతెరువు గనుక ఎవరూ అనుమానించలేదు. మీకు చెబుతున్నాను. ఆ సిపాయి లేడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను ఫింటాస్‌లో ఇంటి డ్రైవర్‌ని. నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, మా కఫీల్, కుటుంబంతో సౌదీకి వెళ్ళిపోయాడు. పక్క భవనంలో నర్సు మరియమ్మక్క ఉండేది, గోదావరి మనిషి. ఆమె దగ్గరొక బొమ్మల నవల ఉంది. ఒక యూదు చిత్రకారుడు, రెండో ప్రపంచ యుద్ధంలో తన తల్లి బేకరీ పిండి డబ్బాలో దాక్కుని బతికిన కథను గళ్ళు గళ్ళుగా గీశాడు. ఆసుపత్రిలో విదేశీ డాక్టరమ్మ సెలవుకు పోతూ, చదివి ఇవ్వమని అక్కకిచ్చింది. ఆ భవనం సెల్లార్‌లో తెలుగువాళ్ళమంతా నక్కి కూర్చుంటే, అక్క ఒక్కో గడీ చూపించి తెలుగులో చెప్పేది. డబ్బాలో ఆ తల్లికి తుమ్మొస్తుంది. బేకరీ పిల్లి, తుమ్మింది నేనే అన్నట్టు ముఖం పెడుతుంది. బయట ట్యాంకులు, లోపల మా నవ్వు. ఏడవాల్సిన చోట నవ్వించవచ్చని నాకు నేర్పింది ఆ గీతలే. ఇంకో పేజీలో పొరుగాయన భయపడి, దాచమని తనకిచ్చిన ఆ కుటుంబం ఫొటోలు కాల్చేస్తాడు. ఆ ముఖాలు తెలియవు గనుక చిత్రకారుడు అక్కడ ఖాళీ గడి వదిలాడు. ఆ పొరుగాయన్ని అందరికంటే గట్టిగా తిట్టింది నేనే.

ఇంటికి చేర్చే విమానాల కోసం అమ్మాన్ బస్సులెక్కే రోజు అక్క పుస్తకాన్ని చీర మడతల్లో దాచుకోబోయింది. యూదుల పుస్తకం సైనికులకు దొరికితే ఏమవుతుందో తెలుసు. “నాకియ్యక్కా, మగోణ్ణి, నేను తెస్తా,” అన్నాను. మా బస్సులు వేరు. ఎక్కకముందే దాన్ని చాయ్ కాచుకున్న పొయ్యిలో పెట్టేశాను. దారిలో ఒక్కరూ నా సంచి తెరవలేదు.

భయమా? అవును. మరి తిరిగిచ్చేయొచ్చుగా? మగోణ్ణని అనేశాక ఆ మాట మింగడం కంటే, ఒక తల్లిని, పిల్లినీ, ఖాళీ గడినీ కలిపి కాల్చడమే నాకు తేలికైంది.

అమ్మాన్ శిబిరంలో అక్క ఎదురొచ్చింది.

“ఏదిరా పుస్తకం?”

“సిపాయి గుంజుకున్యాడక్కా. తుపాకి మడమతో రెండేట్లు ఏసినాడు.”

“ఎక్కడ కొట్టాడు?”

ఎడమ భుజం చూపించాను.

“పోతే పోయిందిలే. డాక్టరమ్మకి నేను చెప్పుకుంటాను. కదలకుండా కూర్చో.”

దెబ్బ లేని భుజానికి, తన దగ్గర మిగిలిన కాస్త మందూ రాసింది. నేను మూలిగాను. బాగా మూలిగాను.

పోయిన నెల అక్క ఫోన్ చేసింది. “మన సిపాయి కోసం ఈ ఆదివారం కూడా ప్రార్థన చేశాన్రా తమ్ముడూ. ఏ తల్లి బిడ్డో, ఎవరి మాట విని కొట్టాడో. దేవుడు క్షమిస్తాడులే.”

లేనివాడికి ఇన్నేళ్ళ క్షమ. ఉన్నవాడు ఫోన్ పట్టుకుని, అలవాటుగా, నవ్వాడు.

అప్పుడు ఎడమ భుజం నిజంగానే నొప్పెట్టిందని రాయబోయాను. కొట్టేశాను. నొప్పి లేదు, ఆనాడూ లేదు. తెలియని చోట ఆ చిత్రకారుడు ఏమీ గీయలేదు. తెలిసిన చోటే నేను సిపాయిని గీశాను. అక్కకు ఇంకా చెప్పలేదు. ముందు ఇక్కడ అతన్ని చెరిపేస్తున్నాను, మీసంతో సహా. ఆ గడిలో ఇక పొయ్యి ఉంది, నేనున్నాను.