పొంగిందల్లా కల్తీయే

పాలు పొంగితే ఇంట్లో అందరూ సంబరపడతారు. చేప పొంగితే ఏం చేయాలో మీకెవరికీ తెలిసి ఉండదు. నాకు తెలుసు. ఏమీ చేయకుండా, నోరు మూసుకుని, కడిగి, పులుసు పెట్టుకోవాలి. ఈ ముక్క తెలుసుకోవడానికి నేను ఒక గోధుమరంగు సీసా పట్టుకుని మా వీధి వీధంతా చేపలు మాన్పించాను, కట్టుకున్నవాడికి పూటపూటా సేమ్యా వండి పెట్టాను, చివరికి నేనే కల్తీ సరుకని తేల్చుకుని ఏడుస్తూ ఆటో ఎక్కాను. మీరు ఇప్పుడే నవ్వడం మొదలుపెడితే ముందు ముందు కష్టం. కాస్త దాచుకోండి.

మాది గూడూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద చిన్న ఊరు. మా ఆయన దానియేలు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. ఇంట్లో నేను, మా అత్త మరియమ్మ, వరండా నిండా గులాబీ కుండీలు. అప్పటికి నాకు కాపురం పాతబడింది గానీ ఫోన్ కొత్త. ఆ ఫోన్‌లో ఎవరెవరో పంపే వీడియోలన్నీ చూసి, లోకంలో నేను తప్ప మిగతాదంతా కల్తీ అని నిర్ణయించుకున్నాను. పాలచుక్క పళ్లెం మీద జారితే ఒక అనుమానం, జారకపోతే ఇంకో అనుమానం. బియ్యం నీళ్లలో తేలితే ప్లాస్టిక్ అనేదాన్ని, మునిగితే రాళ్లనేదాన్ని. పుచ్చకాయ ఎర్రగా ఉంటే దానికి సూది పొడిచారని కోయకుండానే పారేసేదాన్ని. అంత ఎర్రగా ఉందని కోయకుండా ఎలా తెలిసిందని అడక్కండి. అనుమానానికి కత్తి అక్కర్లేదు.

ఆ రోజుల్లో గులాబీ కుండీల్లో చిన్న చిన్న నల్ల పురుగులు ముసిరాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నీళ్లలో కలిపి పోస్తే పోతాయని ఫోన్‌లో ఒకావిడ చెప్పింది. మందుల షాపుకు పోయి అడిగాను.

"ఎవరికమ్మా దెబ్బ తగిలింది?" అన్నాడు షాపతను.

"ఎవరికీ లేదు. గులాబీకి."

"గులాబీ ఎవరమ్మా? మీ పాపా?"

"కుండీలో ఉండే గులాబీ!"

సీసా ఇచ్చాడు గానీ, నేను మలుపు తిరిగేదాకా మెడ సాచి నన్నే చూస్తూ నిలబడ్డాడు. అతని మీద నాకూ అనుమానం వచ్చింది. మామూలు మందు అమ్మేవాడు అంతలా ఎందుకు చూస్తాడు?

ఉన్నమాట చెప్పుకోవాలి, మందు పని చేసింది. మగ్గు నీళ్లలో మూతెడు కలిపి పోస్తే పురుగులు తగ్గాయి. స్నానాలగది పలకల సందుల్లో నల్లబూజు తెల్లబడింది. ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేకపోయారు. ఆ సీసా చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. పళ్లు తోముకునే బ్రష్షుల మీద పోశాను, సింకులో పోశాను, చెత్తబుట్టలో పోశాను. మా ఆయన నీలం చొక్కా మీద పసుపు మరక పడితే దాని మీదా పోశాను. మరక పోయింది. నీలం కూడా పోయింది. జేబు పక్కన తెల్లటి మబ్బు ఒకటి మిగిలింది. మా అత్త కట్టుడు పళ్లు నానబెడతానని అడిగితే ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నా పళ్లు నీ గులాబీలనుకున్నావా ఏంది? నా జోలికి రాబాకు!"

ఇంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు కానాగంత చేపలు కోసిన చెక్క మీద వాసన పోతుందని ఆ సీసా వంపాను. అంతే! చెక్క మీద సుయ్‌మంటూ తెల్లటి నురగ లేచింది. నీళ్లు పోసినప్పుడు లేవని నురగ, సబ్బు వేసినప్పుడు లేవని నురగ, కుక్కరు మూత కింద నుంచి గంజి వచ్చినట్టు బుసబుసమని వచ్చింది. పక్కనే గిన్నెలో కోసిపెట్టిన ముక్క ఒకటి తీసి దాని మీద చుక్క వేశాను. అదీ పొంగింది.

"అత్తా! చేపల్లో మందు కలిపినారు!" అని కేక పెట్టాను.

మా అత్త తొంగిచూసింది. "ఆ సీసాలోనే ఏదో ఉండాది, చేపలో ఏముంటాది?" అంది.

ఆమె మాట ఆ రోజే వినుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నాకు ఆమె మీద కూడా అనుమానమే. ఎందుకంటే మాకు చేపలు తెచ్చే చెంగమ్మ, పులికాట్ చెరువు పక్కనుంచి వచ్చే మనిషి, మా అత్తకు రోజూ రెండు చిన్న చేపలు ఊరికే వేసి పోతుంది. ఇద్దరూ గడప మీద కూర్చుని గుసగుసలాడుకుంటారు. ఇందులో మా అత్తకు వాటా ఉందేమో! రెండు కానాగంతలకు అమ్ముడుపోయి కొడుకు ప్రాణం పణంగా పెట్టిందేమో!

ఇక పరీక్షలు మొదలుపెట్టాను. పచ్చి బంగాళదుంప కోసి చుక్క వేశాను. పొంగింది. పాలకూర కాడ నలిపి వేశాను. పొంగింది. కోడి కార్జం మీద వేశాను, గిన్నె దాటి గట్టు మీదకు వచ్చింది. చక్కెర మీద వేశాను, ఊరుకుంది. బిస్కెట్ ఊరుకుంది. సేమ్యా ఊరుకుంది. వండిన అన్నం కూడా బుద్ధిగా ఊరుకుంది. దాంతో నాకు జ్ఞానోదయమైంది. పొలంలో నుంచి, నీళ్లలో నుంచి వచ్చేదంతా విషం. ప్యాకెట్లో నుంచి వచ్చేదే స్వచ్ఛం.

ఆ పూట నుంచి మా ఇంట్లో సేమ్యా, బిస్కెట్లు, అప్పడాలు, ఊరగాయ. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి కంచం ముందు కూర్చుని పైకి చూశాడు. ప్రార్థన చేస్తున్నాడేమో అనుకున్నాను.

"సుగుణా, నెల్లూరోళ్ల ఇంట్లో పుట్టినాను. చేపల పులుసు వాసనన్నా చూపించు తల్లీ."

"పొంగుతుంది."

"పొంగితే పొంగనీ! నా కడుపులో పొంగుతుంది, నీకేంది?"

"మీరు బతకాలండీ," అన్నాను కన్నీళ్లతో. ఆయన అప్పడం విరిచాడు. ఆ చప్పుడు కాస్త కోపంగానే వినిపించింది.

మర్నాడు చెంగమ్మ వచ్చింది. వీధి మొదట్లోనే "చేపలోయ్!" అని కేక. నేను సీసా కొంగు చాటున పెట్టుకుని గుమ్మంలో కాపు కాశాను. పక్కింటి రత్నమ్మక్కకు ముందే చెప్పి ఉంచాను. రత్నమ్మక్కకు చెబితే మైకు కట్టినట్టే. నాలుగిళ్ల ఆడవాళ్లు అప్పటికే అరుగులెక్కి ఉన్నారు.

చెంగమ్మ బేసిన్ దించి, తడిగుడ్డ తీసింది. మొప్పలు ఎర్రగా, కళ్లు మెరుస్తూ, ఇంకా సముద్రంలోనే ఉన్నామనుకుంటున్న చేపలు.

"ఏంది సుగుణమ్మా, రెండ్రోజులుగా కనపడ్లేదు. ఒళ్లు బాగలేదా?"

"నా ఒళ్లు సంగతి తర్వాత. ఈ చేపలకు ఏం మందు కొట్టినావక్కా?"

"మందా?" చెంగమ్మ నవ్వింది. "మందు కొట్టేది మా ఆయనమ్మా! అదీ చేపలమ్మిన తర్వాత!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నా తల తిరిగింది. సీసా తీసి, ఒక చేప మొప్ప ఎత్తి, వంపాను. మీరు సరిగ్గానే ఊహించారు. నురగ మొప్పల్లోంచి వచ్చి, చేప మూతి మీదుగా కారి, పక్క చేప మీద పడింది. పళ్లు తోముకుంటున్నట్టుంది ఆ చేప.

"అమ్మో!" అంది రత్నమ్మక్క. "చూసినారా! చూసినారా!"

చెంగమ్మ ముఖం పాలిపోయింది. "చెంగాళమ్మ తల్లి మీద ఒట్టు, నేనేం కలపలేదమ్మా. మా ఆయన వల లాగి తెచ్చింది తెచ్చినట్టే తెచ్చినా."

"ఒట్లు ఎవరైనా పెడతారు. నురగ అబద్ధం చెబుతుందా?" అన్నాను నేను. ఎంత గొప్పగా అన్నానో! ఆ మాట అన్నప్పటి నా ముఖం గుర్తొస్తే ఇప్పటికీ అద్దంలో చూసుకోబుద్ధి కాదు.

ఒక్కరూ కొనలేదు. చెంగమ్మ తడిగుడ్డ కప్పి, బేసిన్ తనే ఎత్తుకోబోయింది. ఎప్పుడూ ఎవరో ఒకరం చెయ్యి వేసేవాళ్లం. ఆ రోజు మా అత్త ఒక్కతే దిగివచ్చి చెయ్యి వేసింది. చెంగమ్మ నడుచుకుంటూ పోయింది. వీధి చివర వరకూ కేక వేయలేదు. నేను గెలిచానని లోపలికి వచ్చి సేమ్యా వేయించాను. ఎందుకో మాడింది.

ఆ తర్వాత చెంగమ్మ మా వీధికి రావడం మానేసింది. రత్నమ్మక్క మైకు పక్క వీధులకు కూడా వినిపించడంతో అక్కడా కొనడం లేదని తెలిసింది. మా అత్త నాతో మాట్లాడటం మానేసింది. అవసరమైన సంగతులు గోడతో చెప్పేది. "గోడా, నాకు మంచినీళ్లు కావాల." నేను గోడ తరపున ఇచ్చేదాన్ని.

అలా ఉండగా ఒక ఉదయం సేమ్యా ప్యాకెట్ కత్తిరించబోయి వేలు కోసుకున్నాను. స్వచ్ఛమైన ప్యాకెట్! బొటబొటా రక్తం. ఇంట్లో ఉన్న మందు ఆ సీసా ఒక్కటే. మూత తీసి వేలి మీద పోశాను.

పొంగింది.

నేను మొదట వేలి వైపు చూశాను. తర్వాత సీసా వైపు చూశాను. తర్వాత మళ్లీ వేలి వైపు. ఒక్క కేక పెట్టాను.

"ఏమండీ! నాలో కూడా కలిసిపోయింది! ఇన్నాళ్లు తిన్న మందంతా రక్తంలోకి దిగిపోయింది!"

మా ఆయన షిఫ్టు నిద్రలోంచి లేచి లుంగీ పట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మా అత్త గోడను వదిలేసి మొదటిసారి నేరుగా నాతో మాట్లాడింది.

"నీలో కల్తీ ఉండాదని నాకు పెళ్లినాడే అనుమానం."

"అత్తా, మీరూ అవే చేపలు తిన్నారు! చెయ్యి ఇటు పెట్టండి!"

ఆమె చెయ్యి చాపింది. పోశాను. నీళ్లలా జారిపోయింది. ఒక్క బుడగ లేదు. మా అత్త ఆ చేతిని కొడుకు ముందు, నా ముందు, గోడ మీద ఉన్న మామగారి ఫొటో ముందు తిప్పి తిప్పి చూపించింది. "చూసినారా! అసలు సరుకు!"

ఆటోలో గూడూరు పోయేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. నేను పోయాక రెండో పెళ్లి చేసుకోవద్దని అనను గానీ, ఆ వచ్చేదాని చేత చేపలు మాత్రం తినిపించొద్దని మా ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఆయన పక్కకు తిరిగి చేపల అంగళ్ల వైపే చూస్తూ తల ఊపాడు.

డాక్టరమ్మ వేలు చూసింది, కథ విన్నది, కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకున్నది అద్దాలు కాదు, కళ్లు.

"అమ్మా, రక్తం తగిలితే ఈ మందు ఎవరికైనా పొంగుతుంది. రక్తంలో, పచ్చి మాంసంలో, పచ్చి కూరగాయల్లో దీన్ని విరగ్గొట్టే పదార్థం ఒకటి ఉంటుంది. గాలి బుడగలుగా బయటకు వస్తుంది. వండితే ఆ పదార్థం చచ్చిపోతుంది కాబట్టి అన్నం పొంగదు."

"మరి మా అత్తకు పొంగలేదే?"

"ఆమెకు చర్మం తెగలేదు కదమ్మా. తెగితే ఆమెకూ పొంగుతుంది. నువ్వు ఆ ప్రయోగం చేయొద్దు," అంది డాక్టరమ్మ తొందరగా. "చిన్న గాయాలకు ఇదేం అక్కర్లేదు, మంచి నీళ్లతో కడుక్కో చాలు. ఇంతకీ ఈమధ్య ఏం తింటున్నావు? ముఖం అలా పీక్కుపోయింది?"

"సేమ్యా," అన్నాడు మా ఆయన నా బదులు. ఆ ఒక్క మాటలో ఆయన పడ్డ బాధంతా ఉంది.

బయటకు వచ్చాక నాకు ప్రాణం మిగిలిందన్న సంతోషం కంటే చెంగమ్మ ముఖం ఎక్కువ గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే బజారు మూలకు పోయాను. చెంగమ్మ బేసిన్ ముందు ఒక్కతే కూర్చుని ఈగలు తోలుతోంది. ఎదుట నిలబడి, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పి, "తప్పయిపోయిందక్కా" అన్నాను.

ఆమె ఈగలు తోలడం ఆపింది. నన్ను, నా కట్టు కట్టిన వేలిని మార్చి మార్చి చూసింది.

"అయితే రక్తం ఉంటేనే పొంగుతాదంటావు?"

"అవునక్కా."

"ఆ సీసా యాడుండాది?"

"ఇంట్లో."

"పద," అని లేచింది.

మా వీధిలో, అదే గుమ్మం ముందు, అదే చోట బేసిన్ దించింది. నన్నే కేక వేసి అందరినీ పిలవమంది. పిలిచాను. నన్నే చెప్పమంది. చెప్పాను. మధ్యలో నా గొంతు పోతే మా అత్త అరుగు మీద నుంచి "గట్టిగా చెప్పమ్మాయ్, రత్నమ్మకు ఇనపడలా!" అని సాయం చేసింది. తర్వాత చెంగమ్మ సీసా లాక్కుని, కోసి పారేసే మొప్ప ఒకటి తీసి దాని మీద వంపింది. నురగ బుసబుసమని లేచింది. చెంగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వీధి అదిరేలా కేక వేసింది.

"చూసుకోండమ్మా! పొంగే చేప! పానమున్న చేప! పొంగని చేప కొన్నారో, అది పాచిపోయిన శవం! రండమ్మా, పొంగే చేప!"

డాక్టరమ్మ అంత మాట అననే లేదు. ఆ సంగతి చెప్పబోయాను. చెప్పనిచ్చేవాళ్లెవరు? రత్నమ్మక్క అందరికంటే ముందు గిన్నె పట్టుకుని దూకింది. కాసేపట్లో బేసిన్ అడుగు కనిపించింది. నా వంతు వచ్చేసరికి ఒక్క వంజరం తల మిగిలింది. ధర చెప్పింది.

"అందరికీ తక్కువకిచ్చి నాకేందక్కా ఇంత?"

"పరీక్ష ఫీజమ్మా," అంది చెంగమ్మ సీసా తన సంచిలో వేసుకుంటూ. "ఇదిగూడ నా దగ్గరే ఉంటాది. నీ చేతిలో ఉంటే ఊరికి మంచిది కాదు."

నోరెత్తకుండా ఇచ్చాను. ఆ తలకాయతోనే మామిడికాయ వేసి పులుసు పెట్టాను. మా ఆయన గిన్నె అడుగు వేలితో తుడుచుకుని తిన్నాడు.

ఆ పూటే అందరి ముందూ నిలబడి, కట్టు కట్టిన వేలు పైకెత్తి, ఇలా ప్రతిజ్ఞ చేశాను. "ఇకమీదట ఏ సీసా మూతైనా తీసే ముందు నా నోటికి మూత పెట్టుకుంటాను. పొంగినదాన్ని అనుమానించను, పొంగనిదాన్ని నెత్తిన పెట్టుకోను. చేపను చేపగానూ, మనిషిని మనిషిగానూ చూస్తాను. ఆమెన్."

మా అత్త ఆమెన్ అనలేదు. కళ్లు చిన్నవి చేసి నన్ను కాసేపు ఎగాదిగా చూసి, తన కట్టుడు పళ్ల గిన్నె తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.