మెత్తబడిన తీగ

ఆ ప్రయోగశాలలో ఆయన్ని అందరూ 'తీగల మేస్త్రి' అనేవారు. వేలెడు లావు లోహపు కడ్డీని అంతకంతకూ చిన్నవైన రంధ్రాల గుండా లాగి సన్నటి తీగ చేయడం ఆయన పని. ఆ తీగను ఎముకలు కొరికే చలికన్నా ఎన్నో రెట్లు చల్లటి ద్రవంలో ముంచితే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. అయితే ఆ కరెంటుకీ ఒక హద్దుంది. అది దాటితే తీగ మామూలు లోహమైపోయి భగ్గున వేడెక్కుతుంది.

పక్క గదిలో బలమైన అయస్కాంతాల కోసం ఆ తీగను చుట్టలు చుట్టేది ఆయన వదిన. లాగి లాగి బిరుసెక్కిన తీగ చటుక్కున ఎగిరి ఆమె వేళ్లు కోసేది. ఒక మధ్యాహ్నం నాలుగు వేళ్లకూ కట్లతో ఆమె చెంచా పట్టుకోలేక తంటాలు పడుతుంటే మేస్త్రి మనసు చివుక్కుమంది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా, లాగడం పూర్తయిన తీగను మళ్లీ కొలిమిలో పెట్టాడు.

"ఇదేంటి మరిదీ, ఇవాళ తీగ చెప్పిన మాట వింటోంది!" అంది వదిన. ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

పరీక్ష రోజున డాక్టరమ్మ ఆ తీగ చుట్టను చల్లటి ద్రవంలో ముంచి మెల్లగా కరెంటు పెంచింది. రోగి ముఖం ఎన్నడూ చూడని డాక్టరమ్మ ఆమె, చదివింది లోహాల గురించి. అనుకున్న కరెంటులో సగం కూడా చేరకముందే మీటరు ముల్లు ఎగిరిపడింది. చల్లటి ద్రవం బుస్సుమని ఆవిరైపోయింది.

"చలి తగ్గిందా అమ్మా?" అడిగాడు మేస్త్రి.

"లేదు."

"పోనీ, అయస్కాంత బలం ఎక్కువైందా?"

"అదీ లేదు. మారింది తీగే. మీరేమన్నా చేశారా?"

"మెత్తబడుతుందని మళ్లీ కాల్చానమ్మా."

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. "అయస్కాంత బలం తీగలోకి సన్నటి పోగుల్లా దిగుతుంది. కరెంటు వాటిని తోస్తుంది. అవి కదిలితే వేడి పుడుతుంది. మీరు లాగినప్పుడు లోపల పడే నలుగుళ్లే వాటిని కదలకుండా పట్టుకుంటాయి. కాల్చి ఆ నలుగుళ్లను పోగొట్టేశారు."

"బాగు చేస్తున్నాననుకున్నాను," అన్నాడాయన.

రెండు వారాల తీగ తుక్కులోకి పోయింది. సంగతి తెలిసి వదిన మండిపడింది. "నా వేళ్ల కోసమా? తొడుగులు వేసుకోమంటే వేసుకునేదాన్నిగా!"

"తొడుగులుంటే తీగ చేతికి తెలీదని నువ్వేగా వదినా అన్నావు?"

ఆమె చుట్టలు చుట్టే బల్ల వైపు చూపించి, "తీగ ఎగిరేది ఇదిగో ఇక్కడే," అంది.

అక్కడ ఇద్దరూ కలిసి గాడి తీసిన చిన్న చక్రాలు నాలుగు బిగించారు. మూడుసార్లు విప్పి మళ్లీ బిగించాక బిరుసు తీగ వాటి మధ్య కిక్కురుమనకుండా నడిచింది. కొత్త చుట్ట అనుకున్న కరెంటంతా మోసింది.

ఆ తర్వాత డాక్టరమ్మ కుర్ర ఇంజనీర్లకు పాఠం చెప్పే ప్రతి బుధవారం మేస్త్రి ముందు వరసలో కూర్చునేవాడు. అర్థం కాకపోతే మధ్యలోనే ఆపేవాడు. ఆమె విసుక్కోకుండా బోర్డు తుడిచి మళ్లీ మొదట్నుంచి చెప్పేది.